పాత నాటక దృశ్యాల అచ్చుబొమ్మలు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

రాయబారం నాటకంలో పడక సీను గుర్తుందిగా. ఆ సీను బొమ్మ ఒకటి ఇంట్లో గోడకు పెట్టుకోవాలనుకుంటే మనకు రెండు దారులున్నాయి. ఒకటి, స్టేజీ మీద మంచంమీద పడుకున్న కృష్ణవేషధారి ఫోటో. అందులో వెనక కర్టెను ముడతలు కనిపిస్తాయి, పక్కన మైకు నీడ పడుతుంది, కిరీటానికి అంటించిన తళుకు కాగితం ఒకచోట లేచి ఉంటుంది. రెండోది కేలండరు బొమ్మ. అందులో అంతఃపురం అంతఃపురంలాగే ఉంటుంది, కర్టెనూ ఉండదు, మైకూ ఉండదు. మొదటిది నాటకాన్ని చూపిస్తుంది, రెండోది కథను చూపిస్తుంది.

యూరప్ నాటకాల పాత ఎన్‌గ్రేవింగులు కొనాలనుకునేవాళ్లు తేల్చుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. ఫోటో రాకముందు షేక్స్పియర్, ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ నాటకాల దృశ్యాలను రాగి మీదా ఉక్కు మీదా చెక్క మీదా చెక్కి వేలకొద్దీ అచ్చువేశారు. వాటిలో కొన్ని ప్రేక్షకుడు చూసింది చూపిస్తాయి. కొన్ని చిత్రకారుడు పుస్తకం చదువుకుంటూ ఊహించింది చూపిస్తాయి. అమ్మేవాళ్లు రెండింటినీ ఒకే పేరుతో, ‘షేక్స్పియర్ సీన్ ప్రింట్’ అని పెడతారు. నేను మొదటిసారి మోసపోయింది ధర దగ్గర కాదు, ఇక్కడే. నాటక ప్రదర్శనల చరిత్ర మీద ఆసక్తితో కొన్న బొమ్మలో ఏ నటుడూ లేడు, ఏ రంగస్థలమూ లేదు. బొమ్మ బాగానే ఉంది. నాకు కావలసింది మాత్రం అది కాదు.

స్టేజీ కావాలంటే

స్టేజీని ఉన్నదున్నట్టు చూపే బొమ్మలు తక్కువ. వాటిలో నాకు బాగా నచ్చింది షేక్స్పియర్‌ది కాదు, మోలియేర్‌ది. 1674లో వెర్సాయ్ ఉత్సవాల్లో ఫ్రెంచి రాజు పద్నాలుగో లూయీ ముందు మోలియేర్ చివరి నాటకం, రోగభ్రమ పట్టుకున్న పెద్దమనిషి కథ, ఆడారు. అప్పటికి మోలియేర్ పోయి ఏడాది దాటింది. ఆ రాత్రి దృశ్యాన్ని ల పోత్ర్ అనే చిత్రకారుడు 1676లో రేకు మీద చెక్కాడు. స్టేజీ, దాని ముందు వాద్యబృందం, ముందు వరసలో మనకు వీపు చూపిస్తూ కూర్చున్న రాజు, చుట్టూ కొలువు, అన్నీ అందులో ఉన్నాయి. నటులు చీమలంత ఉంటారు. ఎవరు ఏ పాత్రో గుర్తుపట్టే ఆశ పెట్టుకోవద్దు. కానీ నాటకశాల ఎలా ఉండేది, ఎవరు ఎక్కడ కూర్చునేవారు అని అడిగేవాళ్లకు ఇంతకు మించిన సాక్ష్యం దొరకడం కష్టం.

షేక్స్పియర్ నాటకాలకు బొమ్మలతో వచ్చిన మొదటి సంపుటాలు 1709 నాటివి. నికొలస్ రో సంపాదకుడు, జేకబ్ టాన్సన్ ప్రచురణకర్త. ఒక్కో నాటకానికి ముందు ఒక్కో రాగిరేకు బొమ్మ. చెక్కుడు మోటుగా ఉంటుంది, మనుషుల కాళ్లూచేతులూ కర్రల్లా ఉంటాయి. అందం కోసం చూసేవాళ్లు వీటి జోలికి పోనక్కర్లేదు. కానీ హామ్లెట్ బొమ్మ ఒక్కసారి చూడండి. తల్లి గదిలో కవచం తొడుక్కున్న తండ్రి దెయ్యం, ఉలిక్కిపడ్డ హామ్లెట్, పక్కన పడిపోయిన కుర్చీ, ఒక కాలి మేజోడు కిందికి జారి ఉంది. కుర్చీ పడాలని నాటకం ప్రతిలో ఎక్కడా లేదు. దెయ్యాన్ని చూసి లేస్తూ కుర్చీ పడదోయడం ఆనాటి నటుల అలవాటు. అది ఈ చిన్న బొమ్మలోకి ఎక్కింది. మన పరిషత్తు నాటకాల్లో తండ్రినుంచి కొడుకుకు, గురువునుంచి శిష్యుడికి వచ్చే ‘బిజినెస్’, అంటే మాటల్లో లేకుండా నటుడు చేసే చేష్ట, లాంటిదే ఇది. మూడువందల ఏళ్ల కిందటి స్టేజీ బిజినెస్ ఒక రేకు మీద ఇలా మిగలడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

తర్వాత వచ్చింది గారిక్ కాలం. నటుడు డేవిడ్ గారిక్ 1741లో షేక్స్పియర్ మూడో రిచర్డ్ వేషంతో లండన్‌ను ఊపేశాడు. ఆ వేషంలో ఉన్న గారిక్‌ను విలియం హోగార్త్ పెద్ద తైలవర్ణ చిత్రంగా వేశాడు. బాస్వర్త్ యుద్ధానికి ముందురాత్రి, తాను చంపించిన వాళ్లంతా కలలోకి వస్తే గుడారంలో ఉలిక్కిపడి లేచిన క్షణం అది. ఆ చిత్రం అప్పట్లోనే 200 పౌండ్లకు అమ్ముడైంది. ఇప్పుడు లివర్‌పూల్ వాకర్ ఆర్ట్ గ్యాలరీలో ఉంది. 1746లో హోగార్త్, చార్లెస్ గ్రిన్యన్ కలిసి దాన్ని రాగిరేకుకు ఎక్కించారు. ఇది రెండు జాతులకూ మధ్యలో నిలబడే బొమ్మ. ముఖం గారిక్‌ది, మనవైపు చాచిన ఆ చెయ్యి గారిక్‌ది, గుడారం మాత్రం హోగార్త్ ఊహలోది. ఒక్క బొమ్మే కొనగలిగితే ఏది కొనమంటావని అడిగితే నేను దీన్నే చెబుతాను. హోగార్త్ రేకులు చాలా కాలంపాటు మళ్లీమళ్లీ అచ్చువేశారు కాబట్టి చిన్నవీ పెద్దవీ, మంచివీ అరిగినవీ అన్నీ దొరుకుతాయి.

అదే గారిక్ మెక్‌బెత్‌గా, మిసెస్ ప్రిచర్డ్ లేడీ మెక్‌బెత్‌గా ఉన్న చిత్రాన్ని జోఫనీ అనే చిత్రకారుడు వేస్తే, వాలెంటైన్ గ్రీన్ 1776లో మెజోటింట్‌గా, అంటే రాగిరేకంతా గరుకు చేసి వెలుతురు కావలసినచోట నునుపు చేసే పద్ధతిలో, చెక్కాడు. స్కాట్లండు యోధుడు పద్దెనిమిదో శతాబ్దపు లండన్ దొర కోటు వేసుకుని హత్య చేసి వస్తాడు! కొందరు దీన్ని చూసి నవ్వుతారు. నాకైతే ఇది నమ్మదగిన బొమ్మ అనడానికి ఆ కోటే గుర్తు. ఊహించి వేసే చిత్రకారుడు అలాంటి కోటు తొడగడు.

ఇంకో డెబ్బై అయిదేళ్లు ముందుకొస్తే లండన్ ప్రచురణ సంస్థ టాలిస్ కంపెనీ ఉక్కురేకు బొమ్మలున్నాయి, 1850 ప్రాంతపువి. నటులను వేషంతో స్టూడియోకి పిలిచి డాగెరోటైపు, అంటే తొలినాటి ఫోటో, తీయించి దాన్ని చూస్తూ చెక్కించినవి. వెనక ఉన్న చెట్టూ కోటా చెక్కినవాడు అతికించినవే, మనిషి మాత్రం నిజం. అమెరికాలో పుట్టి, నల్లజాతివాడైనందుకు అక్కడ వేదిక దొరక్క యూరప్ వచ్చి పేరు తెచ్చుకున్న ఐరా ఆల్డ్రిడ్జ్, షేక్స్పియర్ నాటకం టైటస్ ఆండ్రోనికస్‌లో ఆరన్ వేషంలో ఉన్న బొమ్మ ఈ వరసలోదే. నాటకరంగంలో పనిచేసేవాళ్లకు నేను టాలిస్ బొమ్మలే సూచిస్తాను. ధర తక్కువ, వేషధారణ వివరం ఎక్కువ. పెద్ద గోడకు మాత్రం ఇవి చాలవు, పుస్తకం పేజీ అంతే ఉంటాయి.

కథ కావాలంటే, బాయిడెల్

ఊహాచిత్రాల్లో పెద్దపేరు ఒకటే. లండన్ ప్రచురణకర్త జాన్ బాయిడెల్ 1786లో ఒక విందులో పుట్టిన ఆలోచనను పట్టుకుని, ఆ కాలపు పెద్ద చిత్రకారులందరిచేతా షేక్స్పియర్ దృశ్యాలు వేయించాడు. రెనాల్డ్స్, ఫ్యూసెలీ, రామ్నీ, బెంజమిన్ వెస్ట్, ఏంజెలికా కాఫ్‌మన్ ఇలా అందరూ ఆ జాబితాలో ఉన్నారు. 1789 మేలో పాల్‌మాల్ వీధిలో గ్యాలరీ తెరిచాడు. 34 చిత్రాలతో మొదలై ఆ సంఖ్య 160 దాటింది. ఆ చిత్రాలను రేకులకెక్కించి అచ్చులు అమ్మడమే అసలు వ్యాపారం. అందులో అతను లాభపడలేదు. ఫ్రాన్సుతో యుద్ధం వచ్చి యూరప్ మార్కెట్ మూతపడింది. చివరికి పార్లమెంటు అనుమతితో లాటరీ వేశారు, ఒక్కో టిక్కెట్టు 3 గినీలు (గినీ అంటే పౌండు కంటే కొంచెం ఎక్కువ), మొత్తం 22,000 టిక్కెట్లు. ఆ డ్రా 1805 జనవరిలో జరిగింది. అంతకు కొద్ది వారాల ముందే బాయిడెల్ చనిపోయాడు. గ్యాలరీ మొత్తం గెలిచింది విలియం టాసీ, అతను చిత్రాలన్నీ వేలం వేసేశాడు. తర్వాత వాటిలో చాలా చిత్రాలు చెదిరిపోయాయి, జాడ లేకుండా పోయాయి. అందుకే ఈ అచ్చులకు విలువ. కొన్ని దృశ్యాలకు ఇక మిగిలింది ఈ కాగితమే.

ఈ బొమ్మల్లో స్టేజీ వెతక్కండి. బాయిడెల్ ఉద్దేశమే అది కాదు, ఇంగ్లండులో చారిత్రక చిత్రకళ నిలబెట్టాలన్నది అతని కల. ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ నాటకంలోంచి ఫ్యూసెలీ వేసిన టైటానియా, గాడిదతల బాటమ్ దృశ్యం చూస్తే చుట్టూ దేవకన్యలు, చిట్టిపొట్టి పిశాచాలు, సగం కల, సగం పీడకల. దాన్ని పీటర్ సైమన్ చెక్కాడు. ఏ నాటకసంఘం ఆ ఖర్చు భరించగలదు?

బాయిడెల్ కొనేవాళ్లు ముందుగా రెండు సైజులున్నాయని తెలుసుకోవాలి. పెద్దవి విడి బొమ్మలు, గోడకోసమే. 1803లో రెండు పెద్ద సంపుటాలుగా కూడా కట్టారు. చిన్నవి నాటకాల సంపుటాలలో చేర్చడానికి చేసినవి, వాటికి దృశ్యాలు కూడా చాలావరకు వేరే. ‘బాయిడెల్ ఒరిజినల్’ అని చూసి చిన్నదాన్ని పెద్దదాని ధరకు కొనకండి. సెంటీమీటర్లు రాయని అమ్మకందారును అడిగి తెలుసుకోండి.

రెండోది పనితనం. బాయిడెల్ రేకుల్లో ఎక్కువ చుక్కల పని, స్టిపిల్ అంటారు. మెత్తగా, కొంచెం పొగపట్టినట్టు ఉంటుంది. దీనికి అప్పట్లోనే విమర్శలొచ్చాయి. నాకూ అది అంతగా నచ్చదు. పోల్చి చూడాలంటే, అదే వరసలో వెస్ట్ వేసిన లియర్ రాజు తుఫాను దృశ్యాన్ని విలియం షార్ప్ గీతలతో చెక్కాడు. ఆ జుట్టు, ఆ బట్టలు గాలికి ఎగిరే తీరులో ఒక్కో గీత లెక్కపెట్టవచ్చు. చుక్కల బొమ్మ పక్కన పెడితే దీని ముందు అది నీరసంగా కనిపిస్తుంది. బాయిడెల్ పెద్ద సైజులో ఒకటి ఎంచుకోవాలంటే ఇదే ఎంచుకుంటాను.

మూడోది, అసలు ఉచ్చు. పాత రేకులు అట్లాంటిక్ దాటి న్యూయార్క్ చేరాయి. అక్కడ స్పూనర్ అనే ఆయన అరిగిన రేకులను మళ్లీ చెక్కించి 1848 తర్వాత కొత్తగా అచ్చువేశాడు. రేకు అదే, బాయిడెల్ పాత చిరునామా కూడా కొన్నిటి కింద ఉండిపోవచ్చు. అందుకని కింద ‘పాల్‌మాల్, చీప్‌సైడ్’ అని ఉంటేనే తొలి అచ్చు అనుకోవద్దు. కాగితాన్ని దీపానికి అడ్డంపెట్టి నీటిగుర్తు చూడండి. తొలి అచ్చుల్లో వాట్మన్ అనే ఇంగ్లీషు కాగితం తయారీదారు పేరు తరచు కనిపిస్తుంది, కొన్నిట్లో సంవత్సరం కూడా ఉంటుంది. స్పూనర్ ప్రతులు చెడ్డవని నేను అనను, గోడకైతే అవే చాలు. ధర మాత్రం తొలి అచ్చుకు ఇచ్చినంత ఇవ్వకూడదు.

భూతద్దం పట్టి చూస్తే

పదింతలు పెంచి చూపే చిన్న భూతద్దం, గడియారాల రిపేరు షాపులో వాడేది, కొనకముందు చేతిలో ఉండాలి. అందులో చుక్కలు వరసల్లో, సమానదూరంలో కనిపిస్తే అది ఫోటో బ్లాకుతోనో ఆఫ్‌సెట్‌తోనో వేసిన నకలు. మన దినపత్రికల బొమ్మలను అలా చూసి అలవాటు చేసుకుంటే ఒక్క రోజులో కన్ను కుదురుతుంది. స్టిపిల్‌లోనూ చుక్కలే, కానీ చేత్తో పొడిచినవి కాబట్టి చెల్లాచెదురుగా, పెద్దా చిన్నా కలిసి ఉంటాయి.

రాగి అయినా ఉక్కు అయినా, రేకు ఒత్తిన చోట బొమ్మ చుట్టూ కాగితం చిన్న గుంటగా దిగుతుంది. ఆ అంచును కొందరు కత్తిరించేస్తారు. అది లేకపోతే ధర తగ్గాలి. ఉక్కు గీతలు వెండితీగల్లా సన్నగా, కొంచెం చల్లగా ఉంటాయి, రాగి గీతలు వెచ్చగా, నలుపు ఒలికినట్టు ఉంటాయి. రాగి త్వరగా అరుగుతుంది, మెజోటింట్ అయితే మరీ త్వరగా. గ్రీన్ మెక్‌బెత్‌లో నలుపు మఖమల్‌లా ఉందా, బూడిదలా ఉందా అన్నది మొదట చూడాలి. బూడిద రంగు అయితే అది రేకు అలిసిపోయాక తీసిన అచ్చు.

కింద చిన్న అక్షరాల్లో లాటిన్ ఉంటుంది. ‘పిన్‌క్సిట్’ అంటే చిత్రం వేసినవాడు, ‘డెలినియావిట్’ అంటే గీసిచ్చినవాడు, ‘స్కల్ప్‌సిట్’ అంటే చెక్కినవాడు. చాలామంది మొదటి పేరు మాత్రమే చూస్తారు. గోడమీద మనం చూసే పని మూడోవాడిది.

‘ఇండియా ప్రూఫ్’ అని కనబడితే మనవాళ్లు సంబరపడిపోతారు. మన దేశానికీ దానికీ సంబంధం లేదు. అది చైనానుంచి వచ్చిన పలచటి కాగితం మీద తీసి దళసరి కాగితానికి అతికించిన అచ్చు. తూర్పునుంచి ఓడలో వచ్చిందల్లా ఇండియా సరుకే అన్న రోజుల నుంచి ఆ పేరు ఉండిపోయింది.

ఫ్రెంచి చిత్రకారుడు దెలాక్ర్వా 1843లో వెలువరించిన హామ్లెట్ బొమ్మలను కూడా ఎన్‌గ్రేవింగులని అమ్ముతుంటారు. అవి లిథోగ్రాఫులు, రాతి మీద క్రేయాన్‌తో గీసి తీసినవి. అద్భుతమైనవి, కానీ మన పోలికలోకి రావు, ధరలోనూ రావు.

జేబులో డబ్బు తక్కువైతే

విక్టోరియా కాలపు చెక్క ఎన్‌గ్రేవింగులు చూడండి. ఇవి బాక్స్‌వుడ్ చెక్కమీద చెక్కి, సీసం అక్షరాలతోపాటే అచ్చువేసినవి. మన పాత ప్రెస్సుల్లో బ్లాకులు ఫారంలో బిగించినట్టే. అందుకే బొమ్మ, మాట ఒకే పేజీలో కలిసి ఉంటాయి, వెనకవైపు కూడా నాటకం మాటలుంటాయి. చుట్టూ రేకు గుంట ఉండదు. సంపుటాలను విప్పి విడి పేజీలుగా అమ్మేవి ఎక్కువ, హైదరాబాద్ ఆబిడ్స్ ఆదివారం సంతలో కూడా ఎప్పుడైనా కంటపడొచ్చు. నాకు ఒకసారి జూలియస్ సీజర్ పేజీలు ఏడు దొరికాయి. చివరి అంకంవి మాత్రం చెదలు తినేశాయి.

వీటిలో మూడు ముఖ్యం. చార్లెస్ నైట్ సంపుటాలు, 1838నుంచి 1843 దాకా వచ్చినవి. నాటకంలో జరిగేదానికంటే ఆ ఊళ్లు, కోటలు, దుస్తులు చూపించడం మీద ధ్యాస. సెట్ డిజైన్ చేసేవాళ్లకు పనికొస్తాయి, నాకు కొంచెం విసుగు. కెనీ మెడోస్ బొమ్మలు అదే కాలంవి, పూర్తిగా వ్యతిరేకం. తిక్కతిక్క దెయ్యాలు, అక్షరాల్లో దాక్కున్న పిశాచాలు. పిల్లలకు చూపించండి, వదిలిపెట్టరు. మూడోది జాన్ గిల్బర్ట్ గీసి డాల్జియెల్ సోదరులు చెక్కినవి, స్టాంటన్ సంపాదకత్వంలో 1850ల చివర వచ్చిన సంపుటాల్లో ఉన్నాయి, మొత్తం 800 పైచిలుకు. జనసమూహం, గుర్రాలు, జెండాలు గిల్బర్ట్ చేతిలో కదులుతాయి. చెక్క ఎన్‌గ్రేవింగుల్లో గోడకు తగినవి ఇవే. ఒకే నాటకానివి మూడు పేజీలు ఒకే ఫ్రేములో వరసగా పెట్టిస్తే బాయిడెల్ ఒక్కటి లేని లోటు తెలియదు.

ఒంటిగీత ఇష్టపడేవాళ్లకు, బాపు గీత చూసి పెరిగిన మనవాళ్లకు ముఖ్యంగా, జర్మన్ చిత్రకారుడు మోరిట్స్ రెట్ష్ ఉన్నాడు. నీడలు దాదాపు లేవు, బయటిగీత మాత్రమే. 1828లో హామ్లెట్‌తో మొదలుపెట్టాడు. బొమ్మలు వేసే పిల్లలున్న ఇంట్లో ఇదొక పాఠ్యపుస్తకం.

కొనకుండా గడుపుకోవచ్చా? చాలామందికి అదే సరైన దారి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం కాపీరైటు లేని తన సేకరణ బొమ్మలను 2017నుంచి ఎవరైనా ఎలాగైనా వాడుకునేలా ఉచితంగా పెట్టింది, బాయిడెల్ అచ్చులు కూడా అక్కడున్నాయి. విక్టోరియన్ ఇలస్ట్రేటెడ్ షేక్స్పియర్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటులో పైన చెప్పిన నైట్, మెడోస్, గిల్బర్ట్ సంపుటాలవి, కాసెల్ ప్రచురణలో సెలూస్ అనే చిత్రకారుడు వేసినవి కలిపి 3,000కు పైగా ఉన్నాయి. నాటకం కరపత్రానికో పుస్తకం అట్టకో బొమ్మ కావాలంటే డబ్బు పెట్టి అసలు కొనడం అనవసరం. అసలు బొమ్మను చేతిలో పట్టుకుంటే గీతమీద సిరా లేచి వేలికి తగులుతుంది. ఆ ఒక్కటి స్క్రీనుమీద రాదు. అది కావాలనుకునేవాళ్లే కొనాలి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. ఇక్కడ సెలవులకొచ్చినప్పుడు వంద ఏళ్లు దాటిన బొమ్మ కొని సూట్‌కేసులో పెట్టుకెళ్లాలనుకుంటే ఆగండి. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం కింద అలాంటి వస్తువులను దేశం దాటించడానికి ఆంక్షలున్నాయి. ముందే పురావస్తు శాఖను అడగండి. మీకు అక్కడే దగ్గర్లో ఇవి తేలిగ్గా దొరుకుతాయి కూడా.

ఇక ఫ్రేము. అట్ట ఆమ్లం లేనిది కావాలని గట్టిగా చెప్పండి. మామూలు గోధుమరంగు అట్ట అయితే నాలుగేళ్లలో బొమ్మ చుట్టూ పసుపు పట్టీ దిగుతుంది. జిగురు, సెల్లోటేపు అసలు వద్దు. అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో అట్ట చట్రం ఉండాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉప్పుగాలికి, వానాకాలపు తేమకు కాగితం మీద గోధుమ మచ్చలు లేస్తాయి. బయటిగోడకు తగిలించకుండా లోపలిగోడకు తగిలించాలి, వెనక బెండు ముక్కలు పెట్టి గాలి ఆడనివ్వాలి. మచ్చలు పడ్డవాటిని ఇంట్లో బ్లీచింగుతో కడిగే ప్రయోగాలు యూట్యూబులో బోలెడు. ఆ పని చేసి నేను ఒక టాలిస్ బొమ్మ పాడుచేశాను, నటుడి ముఖం తెల్లబడిపోయింది, కోట మాత్రం మిగిలింది.

ఎండ పడే గోడ ఒక్కటే ఖాళీగా ఉంటే, అక్కడ స్కాన్‌నుంచి తీయించిన ప్రింటు తగిలించి అసలును బీరువాలో, మడవకుండా, పడుకోబెట్టి ఉంచండి. మా ఇంట్లో హోగార్త్ గారిక్ అలాగే ఉన్నాడు. చుట్టాలొచ్చి అడిగితే తీసి చూపిస్తాను.